పలకని నేల

కొత్త బయలులో మోకాలెత్తు గడ్డి కలలోలాగా ఊగుతోంది. ఫ్యాక్టరీలో వండిన నల్లమట్టిని వానల్లేని ఊళ్లన్నిటి మీదా పరుస్తున్న కాలమది. ఈరక్క గొర్రెలు మాత్రం మూడు రోజులుగా మూతి పెట్టలేదు, పడుకోలేదు.

"ఇంత పచ్చగుంటే ఏం రోగమక్కా వాటికి?" అన్నాడు మట్టి పరిచిన మేస్త్రీ ఓబులేసు.

ఈరక్క నిమ్మకాయ కోసి నేల మీద పిండింది. పాత సున్నపు నేలైతే బుసబుసా పొంగేది. ఇది ఉలకలేదు.

"పలకరిచ్చినా పలకదు నాయనా ఇది."

కొంగుముడి విప్పి, నల్లమట్టి పరవకముందే దాచుకున్న పిడికెడు పాత నేల తెల్లమట్టి చల్లింది. ముసలి గొర్రె వచ్చి నాకింది. మోకాళ్లు మడిచి దానిమీదే పడుకుని కళ్లు మూసుకుంది.

మిగతా మందంతా ఈరక్క ఖాళీ కొంగు వైపే చూస్తూ నిలబడింది.