గ్రాఫు అట్ట

చిత్రావతి ఏరు పొంగి ఊళ్ళకు దారులు తెగిపోయిన ఏడాది జరిగిన సంగతి.

ముజమ్మిల్ అప్పుడు హిందూపురంలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు.

హాస్టల్ గదిలో నలుగురు పిల్లలు. ముగ్గురికి గేమింగ్ ల్యాప్‌టాప్‌లున్నాయి. కాలేజీ విడిచిపెట్టగానే ఆ ముగ్గురూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే ఆటలో కూర్చునేవారు.

"ఎనక ఉండాడు! కాల్చు, కాల్చు!"

ముజమ్మిల్ ఉలిక్కిపడి వెనక్కి చూసుకునేవాడు. వాళ్ళు అరిచింది అతనితో కాదు.

అతనిదొక పాత డెస్క్‌టాప్. ఆట పెడితే ఫ్యాను రొదే గానీ తెర కదలదు.

"ముజ్జూ, నీ పెట్టెలో పేకాట ఆడుకోపోరా," అని ఆ ముగ్గురిలో మధు నవ్వేవాడు.

చాలా రోజులు గదిలో అతనితో ఎవరైనా అన్న మాట అదొక్కటే.

పెనుకొండ పక్కన ఎర్రమంచి కాడ పంచర్ అంగడి పెట్టుకున్న నాయన మహమ్మద్ అలీ, ఆ వానలు తగ్గాక, ల్యాప్‌టాప్‌కని దుడ్లు చేతిలో పెట్టాడు.

"మళ్ళా ఇయ్యలేనప్పా. చూసి తీసుకో."

ఆ దుడ్లకు చంద్రశేఖర్ కంప్యూటర్ అంగట్లో వచ్చే ల్యాప్‌టాప్ ఒకటే ఉంది. ఎవరో వాడి ఇచ్చేసింది. ఆన్ చేస్తే లోపల ఏదో కీచుమంది.

"అది వద్దప్పా."

తలుపు పక్క స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పంచె కట్టు, ఒళ్ళో వైరు బుట్ట.

"ఇంట్లో పాత పెట్టె ఉండాదా?"

"ఉండాది."

"దానికే ఇంకో ర్యామ్ ఏసుకో. ఒక గ్రాఫు అట్ట ఏసుకో. సాలు."

ముజమ్మిల్‌కు నవ్వు ఆగలేదు.

"గ్రాఫిక్స్ కార్డు తాతా అది! అట్టంట! యా ఊరు నీది?"

"ధర్మవరం."

"అదీ సంగతి! మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలనుకున్నావా? దీంట్లో చీర నేస్తామా ఏంది?"

ముసలాయన కూడా నవ్వాడు. చంద్రశేఖర్ నవ్వలేదు.

"కార్డు ఒకటే ఉండాది. అది కూడా..." అని ముసలాయన వైపు చూశాడు.

ముసలాయన ఆ చూపు పట్టించుకోలేదు. ముజమ్మిల్‌నే అడిగాడు.

"ఒక్కనివే ఆడతావా?"

"గదిలో నలుగురం ఉండాం."

"నలుగురూ ఆడతారా?"

"ముగ్గురు ఆడతాండారు." ముజమ్మిల్ ల్యాప్‌టాప్ మూత మూశాడు. "నేను చూస్తాండా."

ముసలాయన లేచి వైరు బుట్ట చేతికి తగిలించుకున్నాడు.

"ఆ అట్ట పిల్లోనికి ఇచ్చెయ్ చంద్రా."

"మళ్ళా ఎప్పుడొస్తాదో చెప్పలేను."

"వచ్చినప్పుడే రానీలే. ఏమప్పా, పెట్టెలోని కరెంటు డబ్బా కూడా మార్చుకో. పాతది మొయ్యలేదు."

ఈ ముసలాయనకు ఇవన్నీ ఎందుకబ్బా అనుకున్నాడు ముజమ్మిల్. పోతున్న మనిషికి పోయిరా తాతా అని కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం కొత్త కార్డుతో అతని పెట్టెలో ఆట కదిలింది.

"వచ్చినావా ముజ్జూ! నా ఎనకే రా!" అని మధు అరిచాడు. ఈసారి అతనితోనే.

నలుగురూ కలిసి మెస్సుకు పోయారు. అన్నం తింటూ ముజమ్మిల్ అట్ట తాత కథ చెప్పాడు. మధుకు పొలమారింది. ఆ తర్వాత గదిలో ఎవరి పెట్టె ఆగిపోయినా "అట్ట ఏసినావా?" అని అడగడం అలవాటైంది.

పది రోజులకు ముజమ్మిల్ వైరు కోసం మళ్ళీ అంగడికి పోయాడు. స్టూలు ఖాళీగా ఉంది.

"అన్నా, మన అట్ట తాత యాడ?"

చంద్రశేఖర్ చేతిలో పని పక్కన పెట్టాడు.

"ఆయప్ప పేరు ఎర్రప్ప. నువ్వు తీసుకుపోయిన కార్డు ఆయప్ప చెప్పి తెప్పించుకున్నది. రెండు నెల్లు కాచుకోని, ఆ పొద్దు తీసుకుపోను వచ్చింటే నీకిచ్చినాడు."

"నాకు చెప్పలేదేమన్నా?"

"నేను చెప్పబోతే ఆయప్ప పట్టించుకోలే. నువ్వు నవ్వుతాంటివి, సూళ్ళేదు."

"మనవడు ఆడుకుంటాడని తెప్పించినాడేమో?"

"ఆయప్పకు మనవడు యాడుండాడు? పెండ్లే చేసుకోలే. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు."

మర్నాడు పొద్దున, ముగ్గురూ నిద్ర లేవకముందే, ముజమ్మిల్ పెట్టె మూత విప్పి కార్డు ఊడదీశాడు. పాత పేపర్లో చుట్టుకుని ధర్మవరం పోయే రైలెక్కాడు. పెనుకొండలో ఇల్లున్నా దిగలేదు.

ధర్మవరంలో మగ్గాలుండే వీధిలో ఎర్రప్ప ఇల్లు అడిగితే మొదటి మనిషే చూపించాడు. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి గడపలో యల్లక్క అనే ఆమె దారం చుట్టుకుంటోంది.

"లేడప్పా. బెంగుళూరు పాయె. యాడో పెద్ద ఇండ్ల గేటు కాడ కూసునే పని దొరికిందంట."

"ఎప్పుడొస్తాడక్కా?"

"రానని చెప్పే పోయినాడు." ఆమె అతని చేతిలో పొట్లం చూసింది. "ఏమిది?"

ముజమ్మిల్ పొట్లం ముందుకు చాపాడు.

"అట్టక్కా. ఆయనది."

"అట్టలా!" యల్లక్క దారం ఆపి నవ్వింది. "ఇప్పుడెవురప్పా అట్టలు ఏసేది? ముప్పై ఏండ్లు ఈ వీధి చీరలకంతా పువ్వులు గీసి అట్టలు కొట్టినోడు, చీరలు నేయించే షావుకారి మాట మీద ఈ వయసులో కంప్యూటర్లో గీసేది కూడా నేర్చుకున్యాడు, ఆ పెట్టెలో ఏదో ఒక్క ముక్క తక్కువై గడువుకు డిజైను ఇయ్యలేక వాచ్‌మన్ పనికి పాయె."