తడి ఆరాక

చలి ఎక్కువైందని ప్రయాణం మానుకునేవాళ్లుంటారు. చలి చాలలేదని మానుకునేవాడు కాసెల్ పట్నం మొత్తానికి వెండెలిన్ ఒక్కడే.

"ఈ ఏడూ అంతేనా?" అంది ఎల్కే, భర్త కప్పులో కాఫీ పోస్తూ.

"ఇంకొన్నాళ్లు చూద్దాం."

"చూద్దాం. ఈలోగా కారులో ఇసుక బస్తా మీద గడ్డి మొలుస్తుంది."

కారు నవంబరు నుంచే సిద్ధంగా ఉంది. చలికాలపు టైర్లు, మంచు తోడే పార, దుప్పట్లు, టైర్లు జారితే చల్లడానికి ఇసుక. వెళ్లాల్సింది దక్షిణాన కొండల్లో ఉన్న హింటర్‌మోస్‌కి. వెండెలిన్ పుట్టి పెరిగిన ఊరు. పదకొండో ఏట వదిలిపెట్టాడు. ఇన్నేళ్ల తర్వాత ఆయన కోరిక ఒక్కటే. ఒక్కసారి అమ్మ వంటింట్లో నిలబడాలి.

ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయన రైళ్ల వేళలు తయారుచేశాడు. ఇప్పుడు తన కోసం తయారుచేసుకుంటున్నాడు. ఏ ఊరి దగ్గర టీ తాగాలో, ఏ మలుపు దాటాక ఉడికించిన గుడ్లు తినాలో అంతా ఖాయం. బయలుదేరడం ఒక్కటే మిగిలింది.

"మే నెలలో వెళ్లకూడదూ? కొండల నిండా పూలుంటాయి," అన్నాడు పక్కింటాయన కంచె మీదుగా.

"మేలో మా ఇంట్లోకి వెళ్లడం కుదరదండీ."

ఎవరికో అద్దెకిచ్చారు కాబోలనుకుని పక్కింటాయన తలూపాడు.

రోజూ పొద్దున్నే వెండెలిన్ ఆ కొండల్లోని పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేస్తాడు.

"తెరిచారా అమ్మా?"

"ఇంకా లేదు, బ్యూలర్ గారూ."

సంభాషణ అంతే. ఆ అమ్మాయి ఇప్పుడు ఆయన గొంతు వినకముందే లేదంటోంది.

పోయినేడు ఓపిక పట్టలేక ఒకసారి వెళ్లారు కూడా. తీరా వెళ్తే 'ప్రవేశం నిషేధం' అని బోర్డు. దాని పక్కనుంచే కుర్రకారు కుక్కల్ని వెంటేసుకుని నవ్వుకుంటూ పోతున్నారు. వెండెలిన్ మాత్రం బోర్డు ముందు బడిపిల్లాడిలా ఆగిపోయాడు.

"సొంత ఇంటికి పోవడానికి నీకు బోర్డు అడ్డమా?" అంది ఎల్కే.

"ఊరికే పెట్టరు కదా."

చెరో సాసేజ్ తిని, పగలంతా వెళ్లిన దారినే రాత్రికి తిరిగొచ్చారు. దారి పొడుగునా ఆయన తనను తాను విచారించుకున్నాడు. చట్టమంటే గౌరవమా, లేక పిరికితనమా? నిజానికి ఆ బోర్డు కనబడగానే గుండె తేలికపడింది. ఆయన లోపల ఎక్కడో ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. అడిగినప్పుడల్లా కొత్త సాకు మీద ముద్ర వేసి చేతికిస్తాడు. ఆ సంగతి ఎల్కేకి చెప్పలేదు. చెప్పక్కర్లేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

భయం ఇంటి గురించి కాదు, అమ్మ గురించి. ఊరు వదిలిన రోజు సామానంతా బండికెక్కించాక, అమ్మ మోకాళ్ల మీద కూర్చుని వంటింటి గచ్చు తుడిచింది. ఇల్లు ఎవరికి అప్పగించినా శుభ్రంగా అప్పగించాలని ఆమె పట్టుదల. కిటికీలో చెక్క ఈల మరిచిపోయిన పిల్లాడు వెండెలిన్ బూట్లతో లోపలికి పరిగెత్తబోయాడు. అమ్మ తడిగుడ్డ ఎత్తి చూపించింది.

"ఆగక్కడ! తడి ఆరాక రా. ఇంటి చెప్పులేసుకుని రా."

ఇంటి చెప్పులు అప్పటికే బండిలో అట్టడుగున ఉన్నాయి. తడి ఆరేలోగా బండి కదిలింది. ఆ గచ్చు మీద మళ్లీ ఎవరూ అడుగు పెట్టలేదు. ఇప్పుడు అమ్మా లేదు.

అందుకే కారులో అన్నిటికన్నా ముందు సర్దింది బూడిదరంగు ఊలు చెప్పులు.

"ఆ కొండల్లో బూట్లేసుకున్నా కాళ్లు కొయ్యబారతాయి. ఈయన ఇంటి చెప్పులు మోసుకెళ్తున్నాడు!" అంది ఎల్కే.

"అమ్మ వంటింట్లోకి బూట్లతో వెళ్లమంటావా?"

"మా అత్తగారు వింటే మురిసిపోయేది."

"మురిసిపోదు. మేజోళ్లు ఉతికినవేనా అని అడుగుతుంది."

ఫిబ్రవరిలో తూర్పు నుంచి చలిగాలి విరుచుకుపడింది. వీధి కుళాయిలు బిగుసుకుపోయాయి. ఎవరూ ప్రయాణాలు పెట్టుకోవద్దని రేడియో మొత్తుకుంటోంది. వెండెలిన్ స్నానాలగదిలో కూనిరాగాలు తీస్తున్నాడు. రెండు వారాలు అదే చలి.

"తెరిచాం, బ్యూలర్ గారూ!" అంది ఆఫీసమ్మాయి, తన ఇంటి పెళ్లి కబురు చెప్పినట్టు. "బోర్డు తీసేశారు. వచ్చెయ్యండి."

ఫోన్ పెట్టేసి ఆయన మోకాలు తడుముకున్నాడు.

"ఎల్కే, పొద్దుట్నుంచీ మోకాలు కొంచెం..."

ఆమె అప్పటికే తాళంచెవి తీసుకుంది. "మోకాల్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకో. బండి నేను నడుపుతాను."

టీ తాగాల్సిన చోట గుడ్లు తిన్నారు. గుడ్లు తినాల్సిన చోటు ఎల్కే ఆపకుండా దాటేసింది. అంత చక్కని వేళలు మంటగలిసినందుకు ఆయన మనసు చివుక్కుమంది. అయినా రాత్రి దారిలో ఆగి, మర్నాటి మధ్యాహ్నానికి చేరారు.

ఎటు చూసినా తెలుపు. ఆయన ముందు, ఆమె వెనక. కొండ మీది శిలువ రెండు శిఖరాల నడుమ కనబడేదాకా నడిచి, ఆయన ఆగాడు.

"వంటింటి కిటికీలోంచి ఇలాగే కనబడేది. ఇదే."

"ఖాయమేనా?"

ఆయన వంగి బూట్ల లేసులు వదులు చేశాడు. ఆయన పట్టుకోవడానికి తన భుజం ఇస్తూ ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

అమ్మ తుడిచిన గచ్చునూ ఊరంతటినీ ఆనకట్ట నీళ్లు ముంచేసిన ఇన్నేళ్లకు, గడ్డకట్టిన ఆ జలాశయం నడిమధ్యన వెండెలిన్ బూట్లు విప్పి, ఇంటి చెప్పులు తొడుక్కుని, లోపలికి అడుగు పెట్టాడు.