దగ్గు పరీక్ష

"ఇంకా గట్టిగా దగ్గండి," అంది డాక్టరమ్మ.

సన్నటి గొట్టంతో మూత్రాశయం నిండా నీళ్లు నింపి నిలబెట్టారు. కోడలు గొంతు పగిలేలా దగ్గింది. ఇంట్లో తుమ్మితే చాలు చీర తడిసేది. ఇక్కడ నలుగురి ముందు పరువు అడ్డొచ్చి చుక్క రాలలేదు.

బయట అత్తగారు కాచుకుని ఉంది. "ఏమన్నారే?"

"ఒక్క చుక్క కూడా కారలేదత్తయ్యా. మళ్లీ రమ్మన్నారు."

"నే చెప్పలా, అన్నీ నీ వేషాలేనని! ఇంట్లో వరదా, ఇక్కడ కరువా!"

అత్తగారు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగి, కాళ్లు దగ్గరికి బిగించి, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ నిలబడటం కోడలికి కొత్త కాదు.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నీ మొగుణ్ని కన్న దగ్గర్నుంచీ. పద, నా వేషాలు కూడా చూపిద్దాం."