ఇంజిన్ నేర్పిన అవ్వ

ఫోన్‌లో విమానం రన్‌వే సగందాకా పోయి, ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

"మళ్ళ పాయె," అంది స్నిగ్ధ.

పన్నెండేళ్ళ పిల్ల. ఎండాకాలం సెలవులు ఇచ్చిన నాటి నుంచి ఆ ఆటే దాని లోకం. అందులో విమానాన్ని ఎవరికి వారే తయారు చేసుకోవాలి. రెక్కలు, చక్రాలు బిగించడం వారంలో వచ్చేసింది. ఇంజిన్ కాడికి వచ్చేసరికి పీటముడి పడింది. తయారుగా ఉన్న ఇంజిన్ తెచ్చి పెట్టుకోవచ్చు. కానీ పిల్లకు పంతం. పిస్టన్లు నిజంగా పైకీ కిందికీ ఆడాలి, వాటి బలంతోనే ముందున్న ఫంకా తిరగాలి.

"ఏమైందే?" కుట్టుమిషన్ తొక్కుతూనే అడిగింది శిల్ప.

"పిస్టన్ పైకి పోయి ఆడనే పట్టేస్తుంది. నీకు తెల్వదులే అమ్మా. గిరిజవ్వనడుగుత. ఆమెకు ఇంజిన్ ఉన్నది గద."

శిల్ప చేతి కింద గుడ్డ జరిగింది. కుట్టు వంకర పోయింది.

గిరిజమ్మది మొగుడంపల్లి రోడ్డు మీద చెరకు రసం బండి. హుమ్నాబాద్ వైపు మనిషి. ఎండలు ముదిరితే వస్తుంది, వానలు పడితే పోతుంది. బండి కింద చిన్న డీజిల్ ఇంజిన్, పొద్దస్తమానం దడదడ.

శిల్ప ఏడో తరగతిలో ఉండగానే ఇంట్లోవాళ్ళు పుస్తకం తీసుకుని కత్తెర చేతికిచ్చారు. ఇప్పుడు వాడకట్టంతా ఆమె కుట్టిన జాకెట్లే తొడుగుతుంది. కన్నబిడ్డకు మాత్రం ఏదన్నా తెలుసుకోవాలంటే రోడ్డు దాటి పోవాల్సి వచ్చింది.

రోజూ సాయంత్రం పోయేది స్నిగ్ధ. వచ్చి మిషన్ కింద చేరేది.

"కాళ్ళ కాడ ఏం పనే నీకు? జరుగు."

"అమ్మా, తొక్కే ముందు పై చక్రాన్ని చేత్తోటి ఎందుకు తిప్పుతవ్?"

"తిప్పకుంటే తొక్కుడు పలక పైననే పట్టేస్తది. ఒక్కసారి తిరిగిందంటే ఆ బరువుకు అదే తిరుగుతది. ఇంక నా పానం తియ్యకు. పోయి మీ అవ్వనడుగు, అన్నీ తెల్సినామె."

మర్నాడు ఇంకో ప్రశ్న.

"సూది, దారం లాగే పుల్ల ఒక్కపారే ఎందుకు లేవవమ్మా?"

"ఒక్కపారే లేస్తే కుట్టు పడుతదా? సూది ముందు, పుల్ల జర వెనుక. పో, పోయి అవ్వనడుగు."

ఆ శనివారం స్నిగ్ధ గంతేసింది. "ఆడుతుంది. ఇంజిన్ ఆడుతుంది. అవ్వకు చూపిచ్చొస్త."

పక్కనే కూర్చున్న తల్లికి చూపించలేదు. చెప్పుల్లేకుండా ఉరికింది.

శిల్ప మిషన్ ఆపేసింది. పిల్ల తిరిగొచ్చేదాకా ఓర్చుకుని, తర్వాత తనే రోడ్డు దాటింది.

"అవ్వా, ఇగ మా పిల్లను నీ కాడికి రానియ్యకు."

గిరిజమ్మ గ్లాసులు కడుగుతూ తలెత్తింది. ఆమె తొడుక్కున్న జాకెట్ కూడా శిల్ప కుట్టిందే.

"ఏమన్న తప్పు జేసిందా బిడ్డా?"

"దానిది కాదు తప్పు. పిల్లలు లేనోళ్ళకు మందిపిల్లల మీద పానం గుంజుతదంట. మా పిల్లకు తల్లి ఉన్నది."

రసం తాగుతున్న ఇద్దరు గ్లాసులు కింద పెట్టేసి పక్కకు తప్పుకున్నారు.

గిరిజమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. "ఉన్నది బిడ్డా. నేను గూడ దానికి గదే చెప్తున్న," అంది మెల్లగా.

శిల్పకు అది ఎత్తిపొడుపులా తగిలింది. గిరిజమ్మ అందించిన రసం ముట్టకుండానే తిరిగొచ్చింది.

మూడోనాటికి బండి లేదు. చెరకు పిప్పి మీద ఈగలు ముసురుతున్నాయి.

"ఊరికి పోయింది. ఇగ ఈ దిక్కు రాదంట," అన్నాడు పక్కనున్న సైకిల్ షాపు రామ్‌కిషన్. "నాకు రోజు పొద్దుగాల ఒక పని తప్పింది."

"ఏం పని కాకా?"

"ఆ ఇంజిన్ స్టార్ట్ చేసేది నేనే గదమ్మా. పాపం, ఆమెకు హ్యాండిల్ ఎటు తిప్పాల్నో గూడ తెల్వకపాయె. ఆగిపోతే నన్నే పిలుస్తుండె."

"మరి మా పిల్లకు ఇంజిన్ ఎట్ల నేర్పింది?"

"ఆమెనా?" రామ్‌కిషన్ నవ్వాడు. "మంచిగున్నది నీ మాట."

శిల్ప ఇంటికొచ్చింది. స్నిగ్ధ మిషన్ కింద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్, ఫోన్‌లో నీలం సముద్రం, దాని మీద విమానం. టకటకలాడుతూ రెండు పిస్టన్లు, వాటి వెనుక బరువైన చక్రం. పిస్టన్లలో ఒకటి ముందు లేస్తోంది, ఇంకొకటి జర వెనుక. ఆ కదలిక శిల్పకు ఎక్కడో చూసినట్టే ఉంది.

పిల్ల ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"గిరిజమ్మకు ఇంజిన్ సంగతే తెల్వదంట గదనే. మరి ఇన్ని దినాలు ఆడికి పోయి ఏం నేర్చుకున్నవ్?"

స్నిగ్ధ ఫోన్ ఒడిలో పెట్టుకుంది.

"ఏం తెల్వదని మొదటి దినమే చెప్పిందమ్మా. నేను పోంగనే చెరకు ముక్క చేతుల పెట్టి, రోజు ఒక్కటే అడుగుతుండె: 'ఇయ్యాల మీ అమ్మ మిషన్ తొక్కంగ ఏం చూసినవ్, ఆమెను ఏం అడిగినవ్, చెప్పు బిడ్డా' అని."