నాలుగో ఖాళీ

సర్వే మనిషి పదింటికి వస్తాడన్నారు. వెర్డెల్ ఆరింటికే లేచి పచ్చ తలుపు ఇంటి ముందు గడ్డి కోయడం మొదలుపెట్టింది. అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లు. మిషన్ నాలుగడుగులు తోస్తే ఒకసారి ఆగాలి.

గడ్డి అయ్యాక వరండా కడిగింది. కిటికీలకు ఉతికిన తెరలు కట్టింది. గుమ్మం పక్కన మగవాళ్ల బూట్ల జత పెట్టి, వాటికి కాస్త మట్టి కూడా పూసింది. చెత్త డబ్బా రోడ్డంచుకు లాగి, వచ్చి వరండా కుర్చీలో కూలబడింది.

ఎదురింటి ఏమోస్ కాఫీ కప్పుతో వచ్చాడు.

"ఏంటక్కా ఈ హడావిడి? గవర్నరుగానీ వస్తున్నాడా?"

"వేళాకోళం ఆపు. మీ ఇంటి ముందు శుభ్రం చేశావా?"

"నిన్నంతా అదే పని. నడుం పడిపోయింది. మరి ఆ పక్కిల్లో? గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది."

"దానికేం భయం లేదులే. ఇక నాకు ఓపికా లేదు."

ఫెన్మోర్ వీధిలో ఎవరికీ ఓపిక మిగల్లేదు. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఇక్కడ ఒక్కో ఇల్లే పాడుబడుతూ వచ్చింది. ఇప్పుడేదో కొత్త పథకమట. వీధిలో ఖాళీ ఇళ్లు మూడుకు మించకపోతే అందరి ఇళ్ల పైకప్పులూ బాగుచేయిస్తారు, ఆ మూడిళ్లనూ చిన్న జీతాలవాళ్లకు చౌకగా ఇస్తారు. మించితే మాత్రం మనుషుల్ని వేరేచోటికి పంపి, వీధికి వీధే పడగొట్టేస్తారు.

మూడు ఖాళీలు ఎప్పుడో తేలిపోయాయి. నాలుగోది తేలకూడదు. ఆ దిగులుతోనే వెర్డెల్ ఆరు నెలలుగా చిక్కి సగమైంది.

పదింటికి సర్వే మనిషి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు.

"ఇక్కడ ఎవరెవరు ఉంటున్నారమ్మా?"

"నేనూ, మా ఆయనా. ఆయన పనికెళ్లాడు."

వెర్డెల్ భర్త పోయి ఎనిమిదేళ్లయింది. ఏమోస్ కాఫీ గొంతుకడ్డం పడి దగ్గాడు.

కుర్రవాడు బూట్లు చూశాడు, తెరలు చూశాడు. "ఇల్లు ముచ్చటగా పెట్టుకున్నారు" అంటూ ఏదో రాసుకున్నాడు. వెర్డెల్ ప్రాణం కుదుటపడింది.

అతను పక్కింటికి నడిచాడు. అక్కడ మెట్లు విరిగి ఉన్నాయి. కిటికీలకు తెరల్లేవు. ఒక అద్దం పోయినచోట అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. తలుపు మూడుసార్లు కొట్టాడు. ఎవరూ పలకలేదు. సంచీలోంచి నారింజ రంగు కాగితం తీసి తలుపుకు అంటించాడు.

వెర్డెల్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది నాలుగోదమ్మా" అన్నాడు వెనక్కొచ్చి. అతని గొంతులోనూ బాధ ఉంది. "అందులో ఎవరైనా ఉంటున్నట్టు మీకేమైనా తెలుసా?"

వెర్డెల్ నోరు తెరిచింది. ఏమోస్ వైపు చూసింది. ఏమోస్ తల దించుకున్నాడు. ఆమె మళ్లీ నోరు మూసుకుంది.

అతని కారు మలుపు తిరిగాక, వెర్డెల్ ఆ విరిగిన మెట్లే ఎక్కి, నారింజ కాగితం కింద తాళంచెవి తిప్పి, ముప్పై ఒక్క ఏళ్లుగా తను కాపురముంటున్న ఇంట్లోకి వెళ్లింది.