ఏదుపంది గోళ్ల మట్టి

ఆ వేసవిలో అడవి మడుగు ఎండిపోతుంటే, ఏదుపంది కొత్తగా ఒక చెలమ తవ్వడం మొదలుపెట్టింది. తవ్వేవాళ్లకి తిండి పెట్టినవాళ్లకే నీళ్లలో వంతు అని అక్కడి కట్టుబాటు. ఇంకా ఎగరలేని నాలుగు పిల్లలతో ఎక్కడికీ పోలేని కౌజుపిట్ట కూడా రోజూ తుంగగడ్డలు ఏరి తెచ్చేది.

"గుంతలోంచి చల్లగాలి తగులుతోంది, నీళ్లు దగ్గరపడ్డాయర్రా!" అని కాకి అరిస్తే చాలు, అందరూ గడ్డలు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. నాలుగోనాడు అదే కాకి, "గుంతలో రాయి అడ్డుపడింది! ఇక ఆ ఏదుపంది బొజ్జకి ఎంత పోసినా వృథాయే," అంది. అంతే, కుందేలూ ఉడుతా ఎవరి గడ్డలు వాళ్లు లాక్కుని పోయారు.

"నువ్వూ పోవే పిచ్చిదానా," అంది కుందేలు.

కౌజుపిట్ట పోలేదు. గుంతలోకి దిగి, "మామా, ఏదీ, నీ గోళ్లు చూపించు," అంది.

గోళ్లనిండా జిగటగా నల్లటి తడి మట్టి.

"రాయి పక్కనుంచి తవ్వుతున్నానే తల్లీ. ఇంకో రెండు రోజులు తిండి దొరికితే చాలు," అంది ఏదుపంది.

ఆ రెండు రోజులూ కౌజుపిట్ట తను పస్తుండి గడ్డలు తెచ్చింది. మూడోనాటి పొద్దున నీళ్లు బుడబుడమంటూ ఉబికి వచ్చాయి. పిల్లలు ముక్కులు ముంచి, తలలెత్తి, కడుపారా తాగాయి.

అడవి అంతా పరుగున వచ్చింది. "నీకెలా తెలిసిందే?" అంది కాకి, ఎండిన గొంతుతో.

"వాళ్లంతా నీ నోటికేసి చూశారు బావా. నేను మామ గోళ్లకేసి చూశాను," అంటూ కౌజుపిట్ట పక్కకి జరిగి దారిచ్చింది. "రండి, తాగండి. రేపు మాత్రం గడ్డలతో రండి. చెలమ ఇంకా లోతు తవ్వాలి."