మూడో మెట్టు

పెట్టె తెరిచిన లిసార్దో కొయ్యబారిపోయాడు. తన గిటారును ఎవరో ముట్టుకున్నారు.

తీగలు తెగలేదు. చెక్క పగల్లేదు. శ్రుతి పెంచడానికీ దించడానికీ మెడకు బిగించే కొయ్యపట్టీ మాత్రం మూడో మెట్టు మీంచి ఒకటో మెట్టుకు దిగింది.

స్పెయిన్ దేశపు ఈ హెరెజ్‌లో ఒకరి గొంతు మీద కత్తి పెట్టినా రాజీ కుదురుతుంది. గిటారు మీద చెయ్యేస్తే కుదరదు.

అందులోనూ ఇవాళ.

రెండేళ్ల కిందట ఇదే సారాకొట్లో, పాట మధ్యలో గాయని తోమాసా గొంతు పగిలింది. ఆమె లేచి ఇంటికి పోయింది. మళ్లీ పాడలేదు. ఇవాళ ఒంటిగంటకు పాడతానంది. ఇవాళా పగిలితే ఇక పాడనని కూడా అంది.

కొట్టు యజమాని బసీలియో కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. పొద్దుటినుంచి వచ్చింది ఆ ముసలాయన ఒక్కడే. పాత కోటు. వెనకాల కూర్చుని పాట విని రెండింటి బస్సుకు పోతానన్నాడట.

లిసార్దో దగ్గరికి వెళ్లాడు.

"ఏం పెద్దాయనా, చేతులు ఊరుకోలేదా?"

"ఇవాళ పాడే ఆవిడ పొద్దున రొట్టెల కొట్టు దగ్గర ఎవరినో పలకరించింది. విన్నాను. గొంతు రెండు మెట్లు దిగింది. పైకి లాగకు, అబ్బాయీ."

అరవై దాటిన లిసార్దోను అబ్బాయీ అనడం విని బసీలియోకు నవ్వొచ్చింది.

"ముప్పై ఏళ్లుగా ఆవిడది మూడో మెట్టు. దించితే ఆవిడకి అవమానం," అన్నాడు లిసార్దో.

"వాయించడమంటే ఎదుటివాళ్ల ఊపిరి కోసం ఆగడం. బతకడమూ అంతే కదా."

అది లిసార్దో మాట. ప్రతి పాటకు ముందూ అతను చెప్పేదే. మన మాట మనకే అమ్ముతున్నాడే అనుకున్నాడు బసీలియో.

లిసార్దో మాత్రం ముసలాయన ఎడమచేతి వైపు చూస్తున్నాడు. రెండు వేళ్లు లేవు. చాలాసేపు చూశాడు.

"ఇతన్ని బయటికి పంపు," అన్నాడు చివరికి బసీలియోతో.

ముసలాయన లేచి వెళ్లిపోయాడు. గ్లాసులో సగం మిగిలింది.

ఒంటిగంటకల్లా కొట్టు జనంతో నిండింది. లిసార్దో పట్టీని పైకి జరపబోతుండగా తోమాసా వచ్చింది. తలుపు దగ్గరే అందరికీ నమస్కారం చెప్పింది. గొంతు నిజంగానే కిందినుంచి పలికింది. లిసార్దో చెయ్యి ఆగిపోయింది. పట్టీని అక్కడే వదిలేశాడు.

ఆమె పాడింది. ఒక పాట వెనక ఇంకో పాట.

గొంతు పగల్లేదు. బావి అడుగున నీళ్లు కదిలినట్టు, చల్లగా, నల్లగా పైకొచ్చింది. కిటికీ తడికల్లోంచి పడ్డ ఎండలో ధూళి నెమ్మదిగా తిరిగింది. వీధిలోంచి నారింజపూల వాసన వచ్చి అందరి మధ్యా కూర్చుంది. ఎక్కడున్నారో ఎవరికీ గుర్తులేదు. గిటారు ఆమెకు అరడుగు వెనకే, నీడలా నడిచింది.

చివరి పాట ఆగింది.

మూలనున్న గడియారం రెండుంబావు చూపిస్తోంది.

తోమాసా శాలువాతో కళ్లు ఒత్తుకుని గిటారు మెడ వైపు చూసింది.

"ఒకటో మెట్టు. పలకరింపు వింటే చాలు, నా గొంతు ఎక్కడుందో చెప్పేవాడు ఒక్కడే ఉండేవాడు. గబీనో. నా మొదటి పాటకు వాయించినవాడు. జర్మనీలో ఫ్యాక్టరీ పనికి పోయాడు, మళ్లీ కబురు లేదు. ఆ విద్య నీకెప్పుడు వచ్చింది, లిసార్దో?"

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఊళ్లో అందరూ నమ్మేవాళ్లు.

లిసార్దో గిటారును ఒళ్లోంచి తీసి, తన కుర్చీలో పడుకోబెట్టి, పక్కన నిలబడ్డాడు.

"నాకు రాలేదు, తోమాసా. ఇవాళ పొద్దున వచ్చి ఆ పట్టీ దించింది గబీనోయే. ఊపిరి కోసం ఆగడమన్న మాట కూడా ఆయనదే. నాకు గిటారు నేర్పిన మనిషిని పోల్చుకోలేనా? పోల్చుకున్నాను కాబట్టే గెంటించాను. రెండు వేళ్లు లేని చెయ్యి చూసి కూడా, నీ పక్క కుర్చీ మళ్లీ ఆయనదైపోతుందని భయపడ్డాను."